క్యాంపు బండికి కొత్త కమాన్లు

పెంటపాడు దగ్గర మూడు వందల ఎకరాల మాగాణి, తాడేపల్లిగూడెంలో ఒక బియ్యపు మిల్లు ఉన్న అబ్బాయిరాజుగారికి లేనిదల్లా పేరు ముందు తగిలించుకోవడానికి ఒక బిరుదు. రావు సాహెబు అయినా సరే, అంతకంటె చిన్నది ఇంకేమైనా ఉంటే అదైనా సరే అన్నంత ఆత్రంగా ఉండేవారు. బిరుదులు దొరల చేతుల్లో ఉంటాయి. దొరలు చలికాలంలో పరజ బాతుల వేటకు కొల్లేరు వస్తారు. కాబట్టి కొల్లేటి గట్టు మీద దొరలకు క్యాంపు వేసి మర్యాదలు చేస్తే బిరుదు దానంతటదే వచ్చి ఒళ్లో పడుతుందని ఆయన లెక్క. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆ రోజుల్లో మా జిల్లాలో కాస్త భూమి ఉన్న ప్రతివాడూ ఇలాగే అనుకునేవాడు.

క్యాంపు సామాను మోయడానికి బండి కావాలి. ఎడ్లబళ్ల మీద తీసుకెళ్తే పరువు తక్కువ. లారీ కొంటే మిల్లువాళ్లు దాన్ని ధాన్యానికి వాడేస్తారు. అందుకని రాజుగారు తమ పాత అమెరికా కారు వెనక భాగం కోయించి, అక్కడ టేకు పలకలతో తొట్టి కట్టించారు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక సామాను పెట్టుకోవచ్చు. దానికి ఆకుపచ్చ రంగు వేయించి, తలుపు మీద తమ పేరు ఇంగ్లీషులో రాయించారు. బిరుదు వస్తే రాయడానికని పేరు ముందు జానెడు ఖాళీ కూడా వదిలించారు. ఈ మాట నేను కల్పించడం లేదు. ఆ ఖాళీ కొలత పట్టిచ్చింది నేనే.

నా పేరు నిత్యానందం. మాది గుండుగొలను క్రైస్తవుల పేట. ఏలూరులో ఒక డాక్టరుగారి దగ్గర కారు తుడవడంతో మొదలుపెట్టి తోలడం నేర్చుకుని, ఇరవై ఆరో ఏట రాజుగారి దగ్గర డ్రైవరుగా చేరాను. తోలడంతో పాటు ఆ కొలువులో నేను నేర్చుకున్న రెండో విద్య "చిత్తమండి" అనడం. రాజుగారు పగలు చూసి రాత్రి అంటే చిత్తమండి. ఎవరి బతుకు వాళ్లది అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. చెప్పుకోవడానికి ఎంత సులువైన మాటో.

ముప్పయ్యారో సంవత్సరం నవంబరులో, వేటకు నెల ముందు, బండి ఎలా నడుస్తుందో చూద్దామని రాజుగారు రెండు గుడారాలూ నాలుగు మంచాలూ అందులో వేయించి కొల్లేటి వైపు బయలుదేరదీశారు. ఉంగుటూరు దాటేసరికి బండి వెనక్కి కూలబడింది. చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్టను మోటారు పనివాళ్లు కమాను అంటారు. విల్లులా వంగి ఉండాల్సిన ఆ కమాన్లు రెండూ తిరగబడి వేలాడుతున్నాయి. ప్రతి గుంతలోనూ టైర్లు వెళ్లి తొట్టి అడుగును రాసుకుంటున్నాయి. రబ్బరు కమురు వాసన వస్తోంది. బండి ముక్కు ఆకాశంలోకి లేచింది. భీమడోలు సంతలో జనం ఆగి చూసి నవ్వారు. రాజుగారు తలపాగా సర్దుకుని, వాళ్లు ఏదో ఇంకెవరినో చూసి నవ్వుతున్నట్టు కూర్చున్నారు.

గుండుగొలనులో మా మేనత్త సారమ్మకు కొలిమి ఉంది. మా మామయ్య ఏలీయా బతికి ఉన్నంతకాలం ఆవిడ తిత్తి ఊదేది, సమ్మెట కొట్టేది. ఆయన పోయాక జనం కొలిమి ఆరిపోతుందనుకున్నారు. ఆవిడ, ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు మామయ్య కూర్చునే పీట మీద కూర్చుని పటకారు పట్టుకుంది. నాగలి కర్రులు, కొడవళ్లు, కొల్లేటి దోనెలకు మేకులు చేస్తుంది. మామయ్యకు ఉక్కును కాల్చి ముంచి పదును పెట్టడం అంత బాగా వచ్చేది కాదనీ, ఆయన బతికున్న రోజుల్లో కూడా రంగు చూసి "తియ్యి" అని చెప్పింది ఆవిడేననీ మా పేటలో అందరికీ తెలుసు. ఆవిడ నోరు కూడా అందరికీ తెలుసు.

నేను ధైర్యం చేసి బండిని ఆవిడ పాక ముందు ఆపాను. ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని బండి కిందికి దూరి, చాలాసేపటికి బయటికి వచ్చింది.

"ఇది మనుషుల్ని మోసే కమానండీ రాజుగారూ. మీరు మంచాల్ని మోయిస్తున్నారు. అటు రెండూ ఇటు రెండూ మంచి ఉక్కు పట్టీలు చేసి వేస్తాను. కొంత ఓర్చుకుంటుంది. కొంతేనండి. ఇంత సామాను మాత్రం వేయకండి. కమాను ఓర్చుకున్నా ఇరుసు ఓర్చుకోదు" అంది.

రాజుగారు నాతో మాట్లాడుతున్నట్టు, ఆవిడకు వినపడేలా, గరిటె పట్టాల్సిన చేత్తో సుత్తి పట్టుకున్న మనిషి దగ్గరికి నా మోటారును తెచ్చావా అన్నారు. తెచ్చినందుకు నన్ను తిట్టారు. నేను చిత్తమండి అన్నాను. అత్త నా వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లి, ఆపిన కొడవలి పని మళ్లీ మొదలుపెట్టింది.

మర్నాడే బండిని ఏలూరు తీసుకెళ్లాం. అక్కడ భీమశంకరంగారికి మోటారు వర్క్‌షాపు ఉంది. మద్రాసులో పని నేర్చుకున్నానని చెప్పుకునేవాడు. ఖాకీ టోపీ, జేబులో రెండు పెన్సిళ్లు, బల్ల మీద ఇంగ్లీషు క్యాటలాగు. ఆ క్యాటలాగులో బొమ్మలు చూపిస్తూ ఆయన రాజుగారితో మాట్లాడిన అరగంటలో బండి కిందికి ఒక్కసారి కూడా వంగి చూడలేదు. ఎన్ని పట్టీలు కావాలంటే అన్ని వేస్తానన్నాడు. ఆ పల్లెటూరి ఆడమనిషి రెండే వేస్తానంది కాబట్టి రాజుగారు అయిదు వేయమన్నారు. తమ హోదాకు అయిదుకు తక్కువ బాగుండదనుకున్నారో ఏమో.

నాలుగు రోజులకు బండి తయారైంది. పాత కమాను కింద అటు అయిదు, ఇటు అయిదు లావుపాటి పట్టీలు, నున్నగా నల్లరంగు వేసినవి. పైన పటారం లోన లొటారం అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఎందుకంటే వర్క్‌షాపు వెనక గోడకు పాత ఎడ్లబండి చక్రాలు నాలుగు ఆనించి ఉన్నాయి. వాటికి ఇనుప పట్టాలు లేవు. నేను చూశాను. నోరెత్తలేదు.

బండి వెనక భాగం ఇప్పుడు మూరెడు పైకి లేచి నిలబడింది. నేను స్టీరింగు ముందు కూర్చుంటే ముందుకు జారిపోతున్నాను. ఖాళీ బండి చిన్న రాయి ఎక్కినా గాడిదలా వెనక కాళ్లు ఎగరేసేది. తాడేపల్లిగూడెం గేటు దగ్గర రైలు పట్టాలు దాటేటప్పుడు రాజుగారు నాలుక కొరుక్కున్నారు. రెండు రోజులు మజ్జిగ అన్నమే తిన్నారు. అయినా మిల్లు ముందు బండి నిలిపి, వచ్చిన ప్రతివాడికీ వెనక్కి తీసుకెళ్లి ఆ నల్లటి పట్టీలు చూపించేవారు. వాళ్లు వంగి చూసి ఆహా అనేవారు. వాళ్లలో సగంమంది ధాన్యం అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు. ఆహా అనక ఏం చేస్తారు.

డిసెంబరు మూడో వారంలో దొర వస్తున్నాడని కబురు వచ్చింది. కాలవల శాఖలో పెద్ద ఉద్యోగి. రాజుగారు సామాను జాబితా రాయించారు. గుడారాలు మూడు, మంచాలు ఆరు, తివాచీలు, మడత కుర్చీలు పన్నెండు, దొర భోంచేయడానికి బల్ల, సోడా పెట్టెలు, గ్రామఫోను, కోళ్ల గంపలు, బియ్యం, వంటపాత్రలు. అన్నింటికంటె పైన, తాళ్లతో కట్టి, దొర స్నానం చేయడానికి జింకు తొట్టి. ఒక మనిషి పడుకోవచ్చు అందులో. ఏలూరులో ఒక దొరసాని సామాను వేలం వేస్తే కొన్నారు. దాని పక్కన వంటవాడు వెంకట్రాజు ఎక్కి కూర్చున్నాడు.

అంత బరువుకు బండి వెనక భాగం దిగి సమంగా నిలిచింది. రాజుగారి ముఖం వెలిగిపోయింది. భీమశంకరం పనితనం చూశావా అన్నారు. చిత్తమండి అన్నాను.

తెల్లవారి బయలుదేరాం. కైకరం దాకా బాగానే ఉంది. పుళ్ళ దగ్గర బండి కొంచెం కుంగినట్టనిపించింది. భీమడోలు దాటాక దిగి చూశాను. కొత్త పట్టీల్లో వంపు లేదు, గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఉక్కు వంగితే మళ్లీ లేస్తుంది. బండి చక్రానికి తొడిగే ఇనుము వంగితే వంగినట్టే ఉండిపోతుంది. ఈ సంగతి కొలిమి పక్కన పెరిగిన నాకు తెలియక కాదు. రాజుగారితో సామాను కొంత ఇక్కడ దించుదామండి అన్నాను. దొర సాయంత్రానికి వస్తాడు, నోరు మూసుకుని తోలు అన్నారు.

గుండుగొలను దగ్గర రోడ్డు వదిలి కొల్లేటి వైపు మట్టిదారిలోకి తిప్పాం. వానాకాలం బళ్లు తొక్కిన గాళ్లు ఎండి రాళ్లలా ఉన్నాయి. మైలు కూడా వెళ్లకముందే కింద తుపాకీ పేలినట్టు శబ్దమైంది. ఎడమవైపు పాత కమానులో రెండో పట్టీ విరిగింది. కమానును ఇరుసుకు బిగించే నడిమి బోల్టు తెగింది. ఇరుసు ఒక పక్కకు జరిగి, బండి అడ్డంగా తిరిగి, పక్కనున్న పంటబోదె కాలవలోకి ఒరిగింది. కోళ్లు అరిచాయి. వెంకట్రాజు మాత్రం జింకు తొట్టిలో పడ్డాడు కాబట్టి దెబ్బ తగల్లేదు. ఆ తొట్టి వల్ల లోకానికి జరిగిన మేలు అదొక్కటే.

రాజుగారు కిందికి దిగి, మొదట చుట్టూ చూశారు, ఎవరైనా చూస్తున్నారేమోనని. చేలల్లో సార్వా వరి కోతలు జోరుగా సాగుతున్నాయి. ఊరంతా అక్కడే ఉంది. అందరూ చూస్తూనే ఉన్నారు.

ఆయన గట్టు మీద నిలబడి ఎడ్లబళ్లు పిలిపించమన్నారు. నేను ముగ్గురు రైతుల దగ్గరికి వెళ్లాను. కోసిన పనలు చేలో ఉన్నాయి, మబ్బు పట్టేలా ఉంది, ఇప్పుడు బండి ఇచ్చేదెవరు అన్నారు. వాళ్లలో ఒక ముసలాయన, దొరగారి మంచాల కోసం నా ధాన్యం తడుపుకోనా అని మర్యాదగానే అడిగాడు. రాజుగారు స్వయంగా వెళ్లారు. తమ పేరు చెప్పారు. పెంటపాడు పేరు చెప్పారు. ఆ రైతు కొడవలి ఆపకుండా, అలాగాండీ అన్నాడు.

తిరిగి వచ్చి బోదె గట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి నా వైపు చూడకుండా, మీ అత్త ఊళ్లో ఉందా అన్నారు.

అత్త ఉంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. నేను విరిగిన పట్టీనీ, తిన్నగా సాగిపోయిన కొత్త పట్టీ ఒకదాన్నీ భుజాన వేసుకుని తెచ్చాను. ఆవిడ కొత్త పట్టీని ఆకురాయితో గీకింది. నల్లరంగు కింద తుప్పు, తుప్పు కింద మెత్తటి ఇనుము. వేలితో మేకు బెజ్జం చూపించింది. బండి చక్రం చెక్కకు కొట్టిన మేకుది. రంగు వేసేముందు బెజ్జం పూడ్చడానికి కూడా బద్ధకించాడు భీమశంకరం.

"అయిదు వేశాడా అండీ" అంది రాజుగారితో. "యాభై వేసినా ఇంతేనండి." పట్టీని వాకిట్లోకి గిరాటేసింది.

ఆవిడ దగ్గర మంచి ఉక్కు ఉంది. ఏలూరు బస్సువాళ్లు ఒకప్పుడు విరిగిన కమాను పట్టీలు కత్తిపీటలు చేయమని ఇచ్చి వెళ్లారు. వాటిలోంచి నాలుగు సాగుతాయంది. కాని మనుషులు లేరు. తిత్తి ఊదే కూతురు లిడియా కోతలకు పోయింది. నేను సమ్మెట కొడతానన్నాను. వెంకట్రాజును సామాను దగ్గర కాపలా ఉంచాం. ఇక మిగిలింది ఒక్కరే. అత్త ఆయన్ను పిలవలేదు, బతిమాలలేదు. తిత్తి తాడు వైపు చూసి, తరవాత రాజుగారి వైపు చూసి, బొగ్గులు సర్దడం మొదలుపెట్టింది. పొద్దు చూస్తే బారెడెక్కింది. దొర సాయంత్రానికి వస్తాడు.

మూడు వందల ఎకరాల అబ్బాయిరాజుగారు జరీ కండువా తీసి మడత పెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక నెత్తికి చుట్టుకుని, తిత్తి తాడు పట్టుకున్నారు. మొదట్లో ఆయన లాగితే దీపం కూడా ఆరేలా లేదు. తాడు పూర్తిగా కిందికి లాగి, పూర్తిగా వదలాలని అత్త చెప్పింది. రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు, చేతిలో పటకారు ఆపి ఆయన నేర్చుకునేదాకా చూస్తూ కూర్చుంది. అంతకంటె తిట్టడమే నయం.

ఆ పని ఎలా జరిగిందో ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. పాత కమాను పట్టీ వంపును అలికిన నేల మీద బొగ్గుతో గీసుకుంది. బస్సు పట్టీని కాల్చి, ఉలితో కొలతకు తెంపించింది. వెడల్పు గోరంత ఎక్కువైతే ఆకురాయితో రాసింది. తరవాత కాల్చడం, కొట్టడం, నేల మీద గీతకు ఆనించి చూడడం, మళ్లీ కాల్చడం. ఆవిడ చిన్న సుత్తితో ఎక్కడ తడితే నేను సమ్మెటతో అక్కడ వేయాలి. ఒక దెబ్బ పక్కకు పడితే, రాజుగారి ఉప్పు తిని చెయ్యి మెత్తబడిందిరా నీకు అంది.

వంపు కుదిరాక పదును. పట్టీ దానిమ్మగింజ రంగుకు వచ్చేదాకా ఆగి, ఆముదం పోసిన పొడుగాటి దోనెలో ముంచింది. బుస్సుమని పొగ లేచింది. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ నిప్పుల మీద చూపిస్తూ, దాని మీద అంటిన ఆముదం తనంతట తానే మండి ఆరేదాకా అటూ ఇటూ జరిపింది. మళ్లీ ఆముదం రాసి మళ్లీ మండించింది. అలా మూడుసార్లు. ఆ మూడుసార్లూ గాలి ఎక్కువైనా తక్కువైనా పని చెడుతుంది.

"మెల్లగానండీ రాజుగారూ. ఊపిరి తీసుకున్నట్టు. ఆపకండి" అంది.

ఆయన ఆపలేదు. ముఖమంతా మసి, చెమట కారి మెడ మీద చారలు. నాలుగో పట్టీ వేళకు తాడు చక్కగా లాగుతున్నారు. పట్టీని దాగలికీ గోడకీ మధ్య పెట్టి అత్త కాలితో తొక్కింది. వంగింది. వదిలితే కొట్టినట్టు లేచి నిలబడింది. రాజుగారు దాన్ని చూసి, పసివాడిలా నవ్వారు. నేను ఆయన్ను మనిషిగా చూసింది ఆ క్షణంలోనే. అది ఎక్కువసేపు నిలవలేదు.

బండి దగ్గరికి వెళ్లి, కట్టెదుంగలతో ఎత్తి, భీమశంకరం పట్టీలు తీసేసి, కొత్త పట్టీలూ బోల్టూ బిగించేసరికి పొద్దు వాలింది. అప్పుడు అత్త సగం సామాను దించితేనే బండి కదులుతుందంది. లేకపోతే తన పట్టీలు ఇప్పుడే విప్పేస్తానంది. విప్పేస్తుందని రాజుగారికి కూడా అర్థమైంది. ఏవి దించాలో ఎంచుకోమంది. ఆయన చాలాసేపు ఆలోచించి ఎంచుకున్నారు. బియ్యం దించారు. గుడారం మేకులూ గుంజలూ దించారు. వంటపాత్రలు దించారు. గ్రామఫోను, తివాచీలు, కుర్చీలు, జింకు తొట్టి ఉంచారు. అత్త జింకు తొట్టిని ఒకసారి చూసి, సుత్తి తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

కొల్లేటి గట్టు చేరేసరికి దొర అక్కడే ఉన్నాడు. ముందురోజే ఉప్పుటేరు మీదుగా తన సొంత పడవలో వచ్చాడు. పడక, వంట, స్నానం అన్నీ అందులోనే. ఉదయమే వేట కూడా అయిపోయింది. పడవ కప్పు మీద కుర్చీ వేసుకుని చుట్ట కాలుస్తున్నాడు. మసి పట్టిన రాజుగారు దండం పెట్టారు. దొర ఆయన్ను చూసి, బండిని చూసి, తొట్టిని చూసి దుబాసీతో ఏదో అన్నాడు. దుబాసీ అది తెలుగులో చెప్పాడు. కొల్లేరంత నీళ్లు ఎదురుగా ఉంటే తొట్టెందుకు తెచ్చావని దొరగారు అడుగుతున్నారన్నాడు.

రాజుగారు నవ్వారు. దొర నవ్వలేదు, నిజంగానే అడిగాడు. మర్నాడు పొద్దున్న పడవ కదిలి ఆకివీడు వైపు వెళ్లిపోయింది. మేకులు లేని గుడారాలు లేవలేదు కాబట్టి మేం ఆ రాత్రి తివాచీలు కప్పుకుని పడుకున్నాం. వెంకట్రాజు పాత్రలు లేక, లంకవాళ్ల కుండ అడిగి తెచ్చి వాళ్లు పెట్టిన చేపలే వండాడు.

ఇంతవరకు జరిగింది నవ్వుకోదగ్గ కథ. తరవాతది కాదు.

తాడేపల్లిగూడెం తిరిగి వచ్చిన వారానికి రాజుగారి కథ మారిపోయింది. బండి విరగలేదు. సామానంతా కొల్లేరు చేరింది. దొర బండి చుట్టూ తిరిగి చూసి కమాన్లు మెచ్చుకున్నాడు. చేసింది ఏలూరు భీమశంకరం. మిల్లు ముందు వరుసగా ఎంతమందికి చెప్పారో. చెప్పిన ప్రతిసారీ నా వైపు తిరిగి, ఏరా అనేవారు. నేను చిత్తమండి అనేవాణ్ణి. సారమ్మ చేసిన పట్టీలకు కూడా నల్లరంగు వేయమన్నారు. నేనే వేశాను. బిగించిన చేతులతోనే ఆవిడ పనితనం గుర్తు చెరిపాను.

ఒక ఆడమనిషి కొలిమిలో తాను తిత్తి ఊదినట్టు బయటపడకూడదని ఆయన బాధ. అది నాకు అర్థమవుతుంది. నా బాధ ఏమిటో నాకే అర్థం కాలేదు.

జనవరిలో కనకరాజుగారు మిల్లుకు వచ్చారు. ఏలూరు నుంచి చింతలపూడి వైపు రెండు బస్సులు నడిపే మనిషి. నెమ్మదస్తుడు. ఆ రోడ్డు మీద గుట్టలూ వాగులూ ఎక్కువ, కమాన్లు మాటిమాటికీ విరుగుతున్నాయి. భీమశంకరం రెండు బస్సులకూ గట్టి కమాన్లు వేస్తానన్నాడట. రాజుగారి బండిని సాక్ష్యంగా చెప్పాడట. బస్సులు ఇచ్చేముందు ఒక్కమాట అడిగి వెళ్దామని వచ్చానన్నారు.

రాజుగారు కథంతా చెప్పారు. దొర బండి చుట్టూ తిరిగిన దగ్గర కాస్త పెంచారు కూడా. చివర నా వైపు తిరిగారు.

"ఏరా నిత్యానందం, నువ్వే తోలావుగా. చెప్పు."

ఆ బస్సుల్లో ఎవరు ఎక్కుతారో నాకు తెలుసు. ఆస్పత్రికి వెళ్లేవాళ్లు, సంతకు వెళ్లేవాళ్లు. మా చిన్నక్క దేవకుమారి చింతలపూడి దగ్గర బడిలో పంతులమ్మ, శనివారం శనివారం అదే బస్సులో వస్తుంది. వాగు దిగేటప్పుడు ఇరుసు పక్కకు జరిగితే పంటబోదెలోకి ఒరగదు ఆ బస్సు. నోటి దాకా వచ్చిన చిత్తమండి నోట్లోనే ఆగిపోయింది.

"కాదండీ" అన్నాను. కనకరాజుగారితోనే చెప్పాను, రాజుగారి వైపు చూడలేదు. "భీమశంకరంగారు వేసింది బండి చక్రాల ఇనుమండి. గుండుగొలను దగ్గర కూలబడిందండి. ఇప్పుడున్న పట్టీలు మా అత్త సారమ్మ చేసినవండి. ఆయన వేసిన పట్టీ ఒకటి ఇంకా ఆవిడ వాకిట్లో పడుంది, వెళ్లి చూసుకోండి. మేకు బెజ్జం కూడా ఉంటుంది." అక్కడితో ఆగాల్సింది. మూడు వారాలు మింగిన మాటలు ఒక్కసారి ఎక్కడాగుతాయి. "ఆవిడ పదును పెడుతుంటే తిత్తి ఊదింది మా రాజుగారేనండి. బాగా ఊదారు" అన్నాను.

మిల్లు గుమాస్తాలు తలలు వంచుకుని కాగితాలు చూసుకున్నారు. రాజుగారి ముఖం మొదట తెల్లబడి తరవాత ఎర్రబడింది. బండి తాళాలు అక్కడ పెట్టి పొమ్మన్నారు. పెట్టాను. గేటు దాటుతుంటే కనకరాజుగారు వెనకనుంచి పిలిచి, గుండుగొలనులో ఆవిడ ఇల్లెక్కడ అని అడిగారు.

నేను అత్త దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఏదో గొప్ప పని చేసినట్టే చెప్పి ఉంటాను. ఆవిడ కొడవలికి పళ్లు కొడుతూ విని, "ఎన్నాళ్లకు చెప్పావురా" అంది. మూడు వారాలకన్నాను. "ఆ మూడు వారాల్లో బస్సు పడుంటే ఎవరితో చెప్పుకునేవాడివి" అంది. సమ్మెట ఎక్కడుందో చూపించింది.

కనకరాజుగారు మర్నాడే వచ్చారు. వాకిట్లో పడున్న పట్టీని తిరగేసి చూసి, కాగితంలో చుట్టుకుని తీసుకెళ్లారు. ఏలూరులో ఎవరెవరికి చూపించారో కాని, పది రోజుల్లో భీమశంకరం క్యాటలాగు మీద దుమ్ము పట్టింది. ముందు ఒప్పుకున్న కొడవళ్లు అయ్యేదాకా బస్సుల పని పట్టనని అత్త కనకరాజుగారిని నెల ఆపింది. ఆయన ఆగారు. తరవాత రెండు బస్సులకూ చేశాం. మూడో వారమే ఏలూరు వెళ్లినప్పుడు ఒక బస్సు కప్పు మీద మిరపకాయ బస్తాలూ జనమూ కలిసి కనపడితే, అత్త రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్తాలన్నీ దించేదాకా కదలనివ్వలేదు. కండక్టరు గోల పెట్టాడు. కనకరాజుగారు వచ్చి, బస్తాలు ఎడ్లబండి మీద వేయించుకుని వెళ్లిపోయారు.

రాజుగారికి ఆ ఏడు బిరుదు రాలేదు. ఆ తరవాతా రాలేదు. ఆయన నమ్ముకున్న దొరకే బదిలీ అయిందని విన్నాను. ఆ ఆకుపచ్చ బండి మిల్లులో తవుడు బస్తాలు మోస్తూ చాలాకాలం తిరిగింది. కమాన్లకు మాత్రం ఏమీ కాలేదట. నాకు చెప్పింది వెంకట్రాజు. ఒకసారి రాజుగారు ఒక్కరే ఉన్నప్పుడు వంగి ఆ పట్టీలను తట్టి చూశారని కూడా చెప్పాడు. నిజమో కాదో తెలియదు. నిజమైనా అది ఎవరూ చూడనప్పుడు చేసిన పని కాబట్టి దానికి పెద్ద విలువ లేదు.

వేసవిలో అత్త మొదటిసారి నా చేత ఒక కమాను పట్టీకి పదును పెట్టించింది. లిడియా తిత్తి ఊదింది. రంగు నేనే చూశాను, ఆముదంలో నేనే ముంచాను, మూడుసార్లు మండించాను. నా కంటికి అది ఆవిడ చేసినట్టే ఉంది. ఆవిడ దాన్ని దాగలికీ గోడకీ మధ్య పెట్టి కాలు వేసింది. పుటుక్కున రెండైంది.

ముక్కలు తీసి చూసింది. విరిగినచోట ఉక్కు గింజ తెల్లగా, ముతకగా ఉంది. నిప్పు ఎక్కువ చేసి తొందరపడ్డావంది. చిన్న ముక్కను కొడవళ్ల ఇనుములోకి విసిరి, పెద్ద ముక్కను మళ్లీ నిప్పుల్లో పెట్టి, పటకారు నా చేతికిచ్చింది.